తెగిన పోగు దాచకు

కుమఠా నాకా, షోలాపూర్



పండక్కి వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో మీ టీమ్ బోర్డు చూపించావు. ఎడమన చేయాల్సినవి, నడుమ చేస్తున్నవి, కుడిన అయిపోయినవి. ఒక చీటీని 'అయిపోయింది' కిందికి జరుపుతూ, "టెస్టింగ్ కాలేదు తాతా, కానీ రేపటితో స్ప్రింట్ ముగుస్తుంది, మిగిలిన పని చూపే బర్న్‌డౌన్ గీత కిందికి దిగాలి" అన్నావు. ఆ మాట నన్ను వదలడం లేదు బిడ్డా.

ఆ బోర్డు పేరు కాన్‌బాన్ అన్నావుగా. నీ చెల్లెలితో దాని సంగతి చదివించుకున్నా. అది టయోటా వాళ్ల పద్ధతి. కార్లకంటే ముందు వాళ్లది మగ్గాల ఇల్లు! సకిచి టొయోడా పోగు తెగితే దానంతటదే ఆగిపోయే మగ్గం చేశాడు. 1924 నాటి ఆయన జి రకం మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. కార్ల ఫ్యాక్టరీలో కాన్‌బాన్ చీటీలు నడిపించిన తైచి ఓనో 1932లో కొలువుకు చేరింది కూడా టొయోడా వాళ్ల నూలు, నేత మిల్లులోనే. కార్లవైపు వచ్చింది 1943లో. నేతపని చేసుకున్న మనకు నీ బోర్డు పరాయిది కాదు.

మగ్గం ఎందుకు ఆగాలి? ఆగకపోతే తెగిన పోగుతోనే గజాలకు గజాలు దిగుతాయి గనక.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఒక కార్ఖానాలో జకార్డు సాంచా (మరమగ్గం) మీద చద్దర్లు నేసేవాణ్ణి. పీసుకింత కూలీ. ఎవరెన్ని దించారో గోడమీది పలకపై సుద్దతో రాసేవాళ్లు. ఒక రాత్రి పడుగులో రెండు పోగులు తెగాయి. సాంచా ఆపి అతికితే పలకమీద నా లెక్క తగ్గుతుందని అలాగే నడిపాను. తెల్లారి చూస్తే చద్దర్ మీది నెమలి బొమ్మ మెడ మీదుగా, ఆ రాత్రి నేసిన ప్రతి చద్దర్‌లోనూ, చీలిక. పని చూసే జాబర్ తిట్టలేదు. "ఎప్పుడు తెగింది?" అని ఒక్కటే అడిగాడు. తెలిసీ, తెలియదన్నాను. పాడైన చద్దర్లకంటే ఆ అబద్ధమే నన్ను ఎక్కువ కాల్చింది. తర్వాత ఆయనే నేర్పాడు: లోపం వచ్చిన చోట అంచుకు ఒక ఎర్ర పోగు కట్టాలి, చూసేవాడికి వెతుకులాట ఉండకూడదు.

నీ చీటీకి కూడా ఎర్ర పోగు కట్టు. పొద్దున స్టాండప్‌లో ఎక్కడ చిక్కిందో ముందు నువ్వే చెప్పు. 'అయిపోయింది' అంటే ఏమేం జరిగి ఉండాలో స్ప్రింట్ మొదలుకాకముందే అందరూ కలిసి రాసుకోండి. నడిమి వరుసలో చీటీలు గుట్ట పడనీయకండి. చేతిలోది దించాకే కొత్తది ఎక్కించండి. గీత దిగకపోతే దిగలేదనే కనపడనీ. ఎవరైనా వచ్చి చెయ్యి వేయాలంటే అది కనపడాలి కదా. మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు 2001లో రాసుకున్న ప్రకటన కూడా పనిముట్లకంటే మనుషులు, వాళ్ల మాటామంతీ ముందని చెప్పిందట. ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

కడక్ భాకరీ, శేంగా చట్నీ కట్టి పంపుతోంది మీ నానమ్మ. ఆ చీటీ వెనక్కి జరిపి, మీ లీడ్‌తో మాట్లాడాక నాకు ఫోన్ చెయ్. రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

మీ తాత