అడవి కొలువు

మన కడప, కర్నూలు సీమలలో పదవ తరగతి చదువుచున్న పిల్లవానిని పిలిచి, పెద్దవాడవైన పిదప ఏమగుదువని అడిగినచో, కలెక్టరనియో, డాక్టరనియో, సాఫ్టువేరు ఇంజనీరనియో బదులు వచ్చునే గాని, అడవిని కాచెదను, పక్షుల జాడ తీసెదను అని పలుకువాడు కానరాడు. దీనికి వానిని తప్పుపట్టరాదు. మనుష్యుడు తాను చూచిన బ్రతుకులలో నుండియే తన బ్రతుకును ఎన్నుకొనును. కంటికి కనబడని వృత్తి గ్రంథములలో ఎంత ఘనముగా వర్ణింపబడినను, అతని మనోరథములలో చోటు సంపాదింపజాలదు. వన్యప్రాణి వారోత్సవమునాడు పక్షిశాస్త్రజ్ఞుడైన సలీం అలీగారి పటమునకు పూలమాల వేయుట మంచిదే. కాని ఆ మహనీయుడు సిద్ధవటము పిల్లవానికి చేతులు జోడించవలసినంత ఎత్తున నున్నాడు; వెంట నడచుటకు ఇంకను దగ్గరివారు కావలెను, ఒక్కరు గాక పలువురు కావలెను.

అట్టివారిని వెదకుటకు మన లంకమల కొండలు దాటి పోనక్కరలేదు. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుని మూలమున 1848లో శాస్త్రజ్ఞుల యెరుకకు వచ్చిన కలివికోడి అను పక్షి, 1900 తరువాత ఎవరి కంటను పడక, అంతరించిపోయినదనియే పెక్కుమంది తలంచుచుండిరి. వెదకినవారు లేకపోలేదు, అది రాత్రించరమని ఎరుగక పగటిపూట వెదకిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షమున వచ్చిన భరత్ భూషణ్ అను యువ పరిశోధకుడు, తన పాండిత్యమును కొంతసేపు పక్కనబెట్టి, పక్షి బొమ్మను చూపుచు పల్లెజనులను అడుగుచు తిరిగెను. 1986 జనవరిలో రెడ్డిపల్లె చేరువను ఐతన్న అను వేటగాడు, రాత్రివేళ బ్యాటరీ లైటు వెలుగులో, ఆ పక్షిని ప్రాణముతో పట్టి తెచ్చెను. అది ఎక్కువ దినములు బ్రతుకలేదు. అయినను ఎనుబది యేండ్లకు పైబడిన సందేహము తీరినది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ సైతము ఆ పొదల నేలను తప్పించుకొని పక్కకు జరుగవలసి వచ్చినది.

ఈ కథను తరగతిలో చెప్పు ఉపాధ్యాయుడు భూషణ్ పేరు చెప్పి ఊరకున్నచో సగమే చెప్పినవాడగును. పక్షి ఎచ్చట తిరుగునో, ఏ వేళ తిరుగునో ఎరిగిన కన్ను వేటగానిది. ఆ యెరుక విలువను గ్రహించి అడుగగలిగిన వినయము పండితునిది. ఈ రెండింటిలో ఏది గొప్పదని నన్ను అడిగినచో, అడుగగలిగిన వినయమే అరుదైనదని చెప్పుదును. వ్యక్తిత్వ వికాసమను పేరిట నేడు వేదికలపై బోధింపబడుచున్న ధీమా, వాక్చాతుర్యము మొదలగువానిలో ఈ గుణమునకు ఎక్కడను చోటు లేకుండుట నాకు వింతగా తోచును.

తరువాత వచ్చిన పి. జెగనాథన్ అను పరిశోధకుని పనితీరు వేరు. పొదల నడుమ నేలను చదును చేసి, మెత్తని మన్ను పరచి, పక్షి దానిమీదుగా నడచిపోయినచో మిగులు కాలిగురుతులను పరీక్షించుట ఆతని పద్ధతులలో నొకటి. ఆ మన్నుమీద కౌజు నడచును, తీతువు నడచును, కుందేలు దూకును; వేళ్ళ సంఖ్యను, వాని యెడమును, అడుగుకు అడుగుకు నడుమనున్న దూరమును కొలిచి, ఇది ఫలానిదని తేల్చవలెను. గాలి వీచినచో ఆనాటి పని వ్యర్థము. పక్షి కూతను గుర్తించి, ధ్వనిముద్రణము చేసి, చీకటిలో దానిని వినిపించి బదులు కొరకు చెవియొగ్గుట మరియొక పద్ధతి. ఇంతటి ఓర్పునకు నెలనెలా మార్కులు వేయు పరీక్ష ఏదియు లేదు.

దీపా సేనాపతి అను శాస్త్రజ్ఞురాలు ఇదే పక్షి కొరకు ఉపగ్రహ చిత్రములను పరిశీలించి, ఏయే యేండ్లలో ఎంత పొదనేల తరిగిపోయినదో లెక్కగట్టెను. ఎండలో తిరుగుటకంటె గణితముమీద మక్కువ గల బాలికకు ఈమెను చూపవలెను. అస్సాములో పూర్ణిమాదేవి బర్మన్, జనులు అపశకునమని అసహ్యించుకొను హర్గిలా కొంగను గ్రామస్త్రీల చేతనే కాపాడించి, 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారమును పొందెను. నలుగురిని కూడగట్టుటయే తన బలమైన పిల్లకు ఈమె చాలును. పశువుల యెడ జాలి గలవానికి ప్రొద్దుటూరి పశువైద్య కళాశాల చేరువనే కలదు. ప్రయోగశాలయందు ఆసక్తి గలవానికి హైదరాబాదులో సీసీఎంబీవారి లాకోన్స్ అను వన్యప్రాణి పరిశోధనశాల కలదు. వన్యప్రాణి శాస్త్రమునే చదువదలచినవానికి డెహ్రాడూనులోని భారత వన్యప్రాణి సంస్థ కలదు. ఇంటరు దాటినవాడు అటవీ బీటు ఆఫీసరు పరీక్ష వ్రాయవచ్చును. తగిన డిగ్రీ ముగించినవానికి అటవీ సర్వీసు వాకిలి తెరచియే యున్నది. నల్లమలలో పులి జాడ తీయుటకు అటవీశాఖవారు చెంచులనే తోడు తీసికొనుచుండుటయు పిల్లలు ఎరుగవలసినదే; అచ్చట గురువెవరో, శిష్యుడెవరో వేరుగ చెప్పనక్కరలేదు.

మేకల కాపరి కొడుకు తరగతిలో తలవంచుకొని కూర్చుండును; కాని వాని యింటి యెరుకయు ఈ పనికి అక్కరకు వచ్చునదే. కలివికోడికి దట్టమైన అడవియు పనికిరాదు, బోడినేలయు పనికిరాదు. ఎడమెడముగా పొదలున్న నేలయే కావలెననియు, మితముగా మేత మేయుట వలన నేల అట్లుండుటకు వీలు కలుగుననియు పరిశోధకులు వ్రాసియున్నారు. ఎంత మేసిన పొద నిలుచునో, ఎంత మేసిన చచ్చునో ఆ బాలుని తండ్రికి తెలియును. ఈ మాట ఆ తరగతిలో బిగ్గరగా చెప్పవలసినది.

కర్నూలు వైపు రోళ్ళపాడు సంగతి ఇంత సుఖాంతము కాదు. బట్టమేక పక్షి కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినను, నేడు అచ్చట అది కనబడుట గగనమైపోయినది. పెరిగినవి జింకలు, అవి రాత్రులు చేలలో దిగి మేయుచుండగా, పక్షి పేర వచ్చిన కాపుదల తన నోటికాడి కూడును తీసినదని రైతు వగచును. ఆతనిని మూర్ఖుడనుట తేలిక. పక్షిశాస్త్రమును చదివినవారు ఎందరో ఆ నేలకు వచ్చిపోయిరి. ఆతని చేనిగట్టున కూర్చుండి, ఆతని యాసలో నష్టము లెక్కగట్టి, పరిహారపు దరఖాస్తు వ్రాసిపెట్టి, మరుసటి యేడు మరల వచ్చి కనబడువారు తక్కువ. ఆ కొలువు ఖాళీగానే యున్నది; దానికి తగినవాడు బహుశః మిడుతూరు బడిలోనో, నందికొట్కూరు బడిలోనో, తాను పనికివచ్చు చోటు ఒకటి కలదని ఎవరును చెప్పనందున, కోచింగు కరపత్రములు చదువుకొనుచున్నాడు.