ఒకే ప్రభువు, రెండు మందిరాలు, ఒక పెళ్లి సంబంధం



మోర్తాడ్‌లో ఇప్పుడు పసుపు ఉడకబెట్టే రోజులు. ఊళ్లో ఏ దిక్కు పోయినా అదే వాసన. కళ్లం పనులు ఉన్నాయని చెప్పి పోయిన వారం వీడియో తొందరగా ముగించాను. నిజం చెప్పాలంటే, అందులో ఒక మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ మాట ఈరోజు రాస్తున్నాను.

వాక్యభాగం మీకు గుర్తుండే ఉంటుంది. యోహాను సువార్త 17వ అధ్యాయం, 20 నుండి 23 వచనాలు. బైబిలు దగ్గర పెట్టుకుని ముందు ఒకసారి చదవండి. ప్రభువు పట్టుబడబోయే రాత్రి చేసిన ప్రార్థన ఇది. మొదట శిష్యుల కోసం అడిగాడు. తర్వాత ఆ శిష్యుల మాట విని నమ్మబోయేవాళ్ల కోసం అడిగాడు. అంటే మన కోసం. ఏమడిగాడు? మనకు ఆస్తులు అడగలేదు, పెద్ద మందిరాలు అడగలేదు. మనమంతా ఒకటై ఉండాలని అడిగాడు. ఎందుకో కూడా చెప్పాడు. మనల్ని చూసి లోకం ఆయన్ని నమ్మాలట.

దీని మీద నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఆ మాటలు చెప్పడానికి రెండు రోజుల ముందు మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పలేదు.

నా పెళ్లినాటి సంగతి

నేను సీఎస్ఐ కుటుంబంలో పుట్టాను. మా నాయినమ్మకు వయసులో ఉన్నప్పుడు కుష్ఠు సోకింది. ఊరివాళ్లు దూరం పెడితే డిచ్‌పల్లి ఆస్పత్రికి చేరింది. వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ 1915లో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. దానికి సాయం చేసిన రాజా నర్సాగౌడ్ హిందువు. అక్కడ నాయినమ్మ పుండ్లు కడిగినవాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచారట. ఆ పిలుపులోనే తనకు యేసయ్య కనబడ్డాడని ఆమె చెప్పేది. మా ఇంట్లోకి విశ్వాసం వచ్చింది అట్లా.

నాకు పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. పెద్దయ్యాక సంఘం ముందు నిలబడి నా నోటితో నేనే ప్రభువును ఒప్పుకున్నాను, కన్ఫర్మేషన్ తీసుకున్నాను. తర్వాత పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది మునుగుడు బాప్తిస్మం ఇచ్చే స్వతంత్ర సంఘం. పత్రికలు అచ్చయ్యాక ఆ సంఘ పెద్దలు మా బాపును పిలిపించి, "అమ్మాయి ముందు బాప్తిస్మం తీసుకోవాలె. నెత్తి మీద చల్లిన నాలుగు చుక్కలు ఏం బాప్తిస్మం?" అన్నారు.

బాపు ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున నాతో, "బిడ్డా, నువ్వు మునుగు. నీ పెళ్లి ఆగొద్దు. గానీ మా అవ్వను బాగుచేసింది ఏ దేవుడు మరి?" అన్నాడు. నేను చెరువులో మునిగినప్పుడు బాపు కట్ట మీదనే నిలబడ్డాడు. కిందికి దిగలేదు.

ఆ నీళ్లలో దేవుని సన్నిధి నాకు తెలిసింది. అది అబద్ధం కాదు, ఆ రోజును నేను కాదనను. నన్ను గుచ్చింది వేరే. అంతకుముందు దేవుడు నాకిచ్చినదంతా లెక్కలోకి రాదన్నారు, అది గుచ్చింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి

మా చిన్నోడు దుబాయిలో పని చేస్తాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఐక్య క్రిస్మస్ కూడికలో ఒక అమ్మాయిని చూశాడు. నిజామాబాద్‌లో నర్సు. సీఎస్ఐ అమ్మాయి. "అమ్మా, ఈమెను చేసుకుంటా" అన్నాడు. పిల్లను, వాళ్లమ్మను ఇంటికి పిలిచాము. చాయ్ పెట్టాను. మంచీచెడూ మాట్లాడుకున్నాక నేనే ఎత్తుకున్నాను: "మాకు ఏ అభ్యంతరం లేదమ్మా. ముందు మా మందిరంలో బాప్తిస్మం తీసుకో. మిగతావన్నీ తర్వాత చూసుకుందాం."

ఆ పిల్ల తల వంచుకోలేదు. మెల్లగా అన్నది: "ఆంటీ, మునగడానికి నాకు భయం లేదు. కానీ ఇన్నేండ్లు నాకు దేవుడు తోడు లేడని మాత్రం నేను చెప్పలేను."

చాయ్ సగంలోనే వదిలి వాళ్లు లేచిపోయారు. మా ఆయన నా దిక్కు చూశాడు గానీ ఏమీ అనలేదు. బాపు చెరువు కట్ట మీద నిలబడ్డట్టే అనిపించింది నాకు. నాకు ఎవరో చేసిన గాయాన్ని, అదే మాటతో, నేను ఇంకొకరి బిడ్డకు చేశాను. రెండు రోజుల తర్వాత కెమెరా ముందు కూర్చుని ఐక్యత గురించి ప్రసంగం చెప్పాను.

ప్రియులారా, ఈ వారం నేను నేర్చుకున్నవి మీతో పంచుకుంటాను.

ఒకటి: పౌలు ఏ మాటతో గొడవ ఆపాడు?

1 కొరింథీయులకు 1వ అధ్యాయం 10 నుండి 17 చదవండి. కొరింథు సంఘం నాలుగు ముక్కలైంది. ఒకరు పౌలు వాళ్లమన్నారు, ఒకరు అపొల్లో వాళ్లమన్నారు, ఒకరు కేఫా పేరు చెప్పారు, ఇంకొకరు క్రీస్తు వాళ్లమన్నారు. అప్పుడు పౌలు బాప్తిస్మం సంగతే ఎత్తాడు. తాను క్రిస్పుకు, గాయికి, స్తెఫను ఇంటివాళ్లకు ఇచ్చాడట. ఇంకెవరికైనా ఇచ్చానో లేదో గుర్తు లేదన్నాడు. అంత పెద్ద అపొస్తలుడు లెక్క కూడా పెట్టుకోలేదు! బాప్తిస్మం చిన్న విషయమని కాదు. మనుషుల జట్టుకు అది గుర్తుగా మారితే సిలువ మాట పక్కకు పోతుందని ఆయన భయం.

చిలకరింపా, మునుగుడా అన్న చర్చలో ఇద్దరికీ వాక్యం ఉంది. ఒకరు అపొస్తలుల కార్యములు 8లో నీళ్లలోకి దిగిన ఐతియోపీయుణ్ని చూపిస్తారు. ఇంకొకరు 16వ అధ్యాయంలో ఇంటివాళ్లందరితో కలిసి బాప్తిస్మం పొందిన చెరసాల నాయకుణ్ని చూపిస్తారు. చదువుకుందాం, చర్చించుకుందాం. కానీ 2 కొరింథీ 6:14ను పక్క మందిరంలోని విశ్వాసి మీదికి విసరొద్దు. అది అవిశ్వాసుల గురించి రాసింది. మనలాగే యేసును ప్రభువని ఒప్పుకున్నవాళ్ల గురించి కాదు.

రెండు: మన తెలుగు నేల మీదే జరిగిన పాఠం

డోర్నకల్ బిషప్పు అజరయ్య పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తిరునెల్వేలి నుండి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకుని 1909 నుండి మన పల్లెల్లో సేవ చేశాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే అక్కడ నిలబడి మాట్లాడాడు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పాడు. ఆ వెంటనే, భారతీయ విశ్వాసులను సాయం పుచ్చుకునేవాళ్లుగా చూడటం చాలదని, వాళ్లకు ప్రేమ కావాలని, స్నేహితులు కావాలని అడిగాడు. కొందరికి ఆ మాట కష్టమైంది. 1912 డిసెంబరు 29న ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు.

1919లో తమిళనాడులోని తరంగంబాడిలో ఆయన, ఇంకొందరు సేవకులు కూర్చుని, మన సంఘాలు ఒకటి కావాలని తీర్మానించారు. విదేశాల నుండి వచ్చిన చీలికలను మనమెందుకు మోయాలన్నది వాళ్ల బాధ. అది జరగడానికి 28 ఏళ్లు పట్టింది. అజరయ్య 1945 జనవరి 1న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు, కళ్లారా చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. బాప్టిస్టులు, లూథరన్లు వేరుగానే ఉన్నారు. మా నాయినమ్మ గుడి మారలేదు, కూర్చునే చోటు మారలేదు, సంఘం పేరు మాత్రం మారింది.

అంత కాలం ఎందుకు పట్టింది? పెద్ద ముడి పాస్టర్ల అభిషేకం దగ్గర పడింది. బిషప్పు చేయి పెట్టని అభిషేకం చెల్లుతుందా అన్నది ప్రశ్న. చివరికి ఏం చేశారు? ఇకముందు అభిషేకాలు బిషప్పుల చేతుల మీదుగా జరగాలనుకున్నారు. అప్పటికే సేవలో ఉన్నవాళ్లను మాత్రం ఎవరినీ మళ్లీ అభిషేకించలేదు. ఉన్నవాళ్లను ఉన్నట్టే చేర్చుకున్నారు. "ఇప్పటిదాకా నీకున్నది చెల్లదు" అని ఒకరినొకరు అనుకోలేదు.

ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేను ఆ అమ్మాయికి చెప్పింది సరిగ్గా ఆ మాటే కదా!

పేరు ఒక్కటైనంత మాత్రాన మనసులు ఒక్కటవుతాయని నేననను. ఒకే మందిరంలో పదవుల కోసం కొట్లాడుకునేవాళ్లను మీరూ చూశారు, నేనూ చూశాను. కానీ ఐక్యత ఎక్కడ మొదలవుతుందో ఆ పెద్దలు చూపించారు. ఎదుటి విశ్వాసికి దేవుడు ఇప్పటికే ఇచ్చినదాన్ని ఒప్పుకోవడం దగ్గర మొదలవుతుంది. ఎఫెసీ 4వ అధ్యాయం మొదట్లో పౌలు మనల్ని ఐక్యతను కాపాడుకొమ్మన్నాడు. ఆత్మ ముందే ఇచ్చేశాడు గనుక మన పని దాన్ని పాడుచేయకుండా చూసుకోవడం.

మా కళ్లంలో కొమ్ములను, మండలను విడదీసి వేరువేరుగా ఉడకబెడతాం. ఉడికే సమయం రెండింటికీ ఒకటి కాదు. ధర కూడా వేరే. అయినా తవ్వినప్పుడు రెండూ ఒకే మొక్క కింద నుండి వచ్చాయని కూలికొచ్చిన చిన్నపిల్లకైనా తెలుసు.

మూడు: ప్రేమ ఎక్కడ దొరుకుతుంది?

యౌవనస్థులు నన్ను తరచుగా అడుగుతారు: "అక్కా, దేవుడు నాకోసం పెట్టినవాళ్లు వీళ్లేనని ఎట్లా తెలుస్తుంది?" ఆదికాండము 24 చదవండి. అబ్రాహాము దాసుడు బావి దగ్గర ప్రార్థన చేశాడు. అడిగిన గుర్తు ఏమిటి? తనకు నీళ్లిచ్చి, అడగకుండానే ఒంటెలకు కూడా తోడే అమ్మాయి. దప్పికగొన్న ఒంటె ఎన్ని నీళ్లు తాగుతుందో తెలుసు కదా! పది ఒంటెలు. అంటే ఆయన వెతికింది అలసిన పరాయివాణ్ని కూడా పట్టించుకునే మనసు. మీరూ అదే చూడండి. తనకు ఏ లాభమూ లేని మనిషితో ఎట్లా మాట్లాడుతుంది? హోటల్లో బల్ల తుడిచే పిల్లవాడితో ఎట్లా ఉంటాడు? అజరయ్య అడిగిన స్నేహం అక్కడ కనబడుతుంది.

అదే అధ్యాయం 57, 58 వచనాలు చూడండి. ఇంటివాళ్లు రిబ్కాను పిలిచి ఆమెను అడిగారు. వెళతానని చెప్పింది ఆమే. తల్లిదండ్రులారా, మనం షరతులు చెబుతాం గానీ పిల్లను అడుగుతున్నామా?

చివరిగా

పోయిన ఆదివారం నేనూ మా ఆయనా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. "తప్పు మాట్లాడాను బిడ్డా, క్షమించు" అన్నాను. మా నాయినమ్మ సంగతి, బాపు కట్ట మీద నిలబడ్డ సంగతి చెప్పాను. ఏ షరతూ లేకుండా, మా ఇంటికి వస్తావా అని అడిగాను. "ఆలోచించుకుని చెబుతా ఆంటీ" అంది. ఇంకా జవాబు రాలేదు. మా సంఘంలో ఒక పెద్దాయన, ఇట్లా అయితే పెళ్లికి రానన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. రెండు వారాల క్రితం నేనూ ఆయన మాటే మాట్లాడాను.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఊళ్లో మీరు ఎన్నడూ అడుగుపెట్టని మందిరంలో ఒక విశ్వాసి పేరు తెలుసుకోండి. ఆ పేరు పెట్టి ప్రతిరోజూ ప్రార్థించండి. వీలైతే ఇంటికి పిలిచి అన్నం పెట్టండి. బాప్తిస్మం సంగతి అడగొద్దు. దేవుడు వాళ్లకు ఏం చేశాడో అడగండి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, నీ కుమారుడు చివరి రాత్రి అడిగినదాన్ని మా నోటితోనే పాడుచేశాము. మమ్మల్ని క్షమించు. నీవు చేర్చుకున్నవాళ్లను మేము గుమ్మం దగ్గర ఆపకుండా కాపాడు. తోడు కోసం ఎదురుచూస్తున్న మా పిల్లలకు నిన్ను ప్రేమించే స్నేహితులను ఇయ్యి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.