వెన్న శాతం తగ్గితే తప్పెవరిది?

నిన్న 6.8 వచ్చిన గేదె పాలకు ఈరోజు 6.4 వస్తే, సభ్యుడు నీళ్లు కలిపాడని అనుకోవడం మన సేకరణ కేంద్రాలలో మామూలయింది. నలుగురిలో పడే ఆ మాట మనిషిని సంఘానికే దూరం చేస్తుంది.

నాణ్యతా నియంత్రణ శాస్త్రానికి పునాది ఇటువంటి ప్రశ్నే. 1924లో అమెరికాలో టెలిఫోన్ పరికరాల తయారీని పరిశీలిస్తూ వాల్టర్ షూహార్ట్ ఒక పటం గీశారు. ఏ పనిలోనైనా కొంత హెచ్చుతగ్గు సహజం. దాని వెంటబడితే శ్రమ వృథా. సగటుకు ఇరువైపులా మూడు ప్రామాణిక విచలనాల హద్దు దాటినప్పుడే ప్రత్యేక కారణం వెదకాలన్నారు. 1947-48లో ఆయన మన దేశానికి కూడా వచ్చారు.

అంత లెక్క మనకు కష్టమే. అయినా ఒక్కొక్క సభ్యుని నెల రీడింగులను గళ్ల కాగితం మీద చుక్కలుగా పెడితే, మామూలు హెచ్చుతగ్గు ఎంతో కంటికే తెలుస్తుంది. ఉదయం, సాయంత్రం వేరుగా పెట్టాలి. రాత్రి వ్యవధి ఎక్కువైతే ఉదయం పాలు ఎక్కువ, వెన్న శాతం తక్కువ. చివరి ధారల్లో వెన్న ఎక్కువ కనుక, అవి దూడ తాగినా శాతం తగ్గుతుంది. నీళ్లు కలిస్తే లాక్టోమీటరు రీడింగు కూడా పడిపోతుంది. అది చూడకుండా నింద వేయడం అన్యాయమని మా అభిప్రాయం.

ఒకే పూట అందరి చుక్కలూ కిందికి దిగితే? ఊరంతా కూడబలుక్కుని నీళ్లు కలపదు గదా! నమూనా తీసేముందు పాలు బాగా కలియబెట్టారా, గెర్బర్ పరీక్షకు వాడే యాసిడ్ సీసాకు మూత పెట్టారా చూడండి. గంధకామ్లం గాలిలోని తేమను పీల్చుకుని పలచబడుతుంది. అప్పుడు చెడేది పరీక్షే, పాలు కాదు.