వయ్యారిభామ దురద: చర్మం మరచిపోదు

కలుపు తీసి వచ్చిన మర్నాడు కనురెప్పలు వాచి, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి ఒకటే దురద పెడుతున్నాయా? చాలామంది ‘వేడి చేసింది’ అనుకుని ఊరుకుంటారు. గట్ల మీద, బంజర్లలో పెరిగే వయ్యారిభామ ఇందుకు కారణం కావచ్చు. దీన్నే కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అంటారు. ‘పదేళ్లుగా పీకుతున్నా ఏమీ కాలేదే, ఇప్పుడెందుకు వచ్చింది?’ అని మీకు అనుమానం రావచ్చు. జవాబు మన చర్మంలోనే ఉంది.

చర్మం పైపొర చేనుకు కంచె లాంటిది. ఆ పొరలో కొమ్మలు చాచినట్టుండే కావలి కణాలు ఉంటాయి. పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి 1868లో వీటిని గురించి వెల్లడించాడు. అందుకే లాంగర్‌హాన్స్ కణాలంటారు. కొత్త పదార్థమేదైనా కంచె దాటి వస్తే ఈ కణాలు దాన్ని పట్టుకుని మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే బిళ్ళల దాకా మోసుకుపోతాయి. అక్కడ ఒక రకం తెల్ల రక్తకణాలు దాన్ని గుర్తు పెట్టుకుంటాయి. ఏళ్లు గడిచినా మరచిపోవు.

వచ్చింది రోగక్రిమి అయితే ఈ జ్ఞాపకం మనల్ని కాపాడుతుంది. వయ్యారిభామలోని పార్థెనిన్ క్రిమి కాదు. అయినా కొందరి శరీరం దాన్ని శత్రువుగా లెక్కగడుతుంది. కొందరిలో ఇది ఏళ్ల తర్వాత జరుగుతుంది. ఇక అక్కణ్ణుంచి మొక్క తగిలితే ఒకటి రెండు రోజుల్లో ఆ తెల్ల కణాలు అక్కడికి చేరి దాడికి దిగుతాయి. వాపు, దురద ఆ దాడి వల్లే. ఎండిన మొక్క పొడి గాలికి ఎగిరి మీద పడినా చాలు. ముఖానికి, మెడకు ఎక్కువగా రావడానికి కారణం అదే.

పాటించవలసిన జాగ్రత్తలు:

* పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకెయ్యాలి.
* ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ సంచులైనా కట్టుకోవాలి. నిండు చేతుల చొక్కా వేసుకుని, ముఖానికి గుడ్డ చుట్టుకోవాలి.
* పని కాగానే సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.
* ఒకసారి దురద వచ్చినవారు ఈ పనికి పోకూడదు.
* దుకాణంలో అడిగి తెచ్చుకున్న ట్యూబు మందు నెలల తరబడి రాయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే చర్మం పలచబడుతుంది. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి.

మందుతో దురద తగ్గుతుందే గాని చర్మం జ్ఞాపకం పోదు. కాబట్టి మొక్కను దూరం పెట్టడమే అసలు వైద్యం.