సీసా మీద అంకెలు

శనివారం సాయంత్రం పని దిగేసరికి వారం కూలి చేతికొస్తుంది. తెల్లారితే ఆదివారం. సెలవు. ఇప్పుడు చాలా ఇళ్లలో మగవాళ్లకు ఆదివారం అంటే కోడికూర, బీరు. "రోజూ తాగేవాడు తాగుబోతు. మేం అట్లా కాదు. వారానికి ఒక్కరోజే. అదీ బీరే" అంటారు.

ఈ మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి, బీరే కదా అనేది. రెండోది, ఒక్కరోజే కదా అనేది. ఈ రెండూ ఎంతవరకు నిజమో చూద్దాం.

బీరును బార్లీ గింజలతో చేస్తారు. గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. ఎండబెట్టి, ఉడికించి, పులియబెడతారు. పులిసేటప్పుడు అందులోని తీపి ఆల్కహాలుగా మారుతుంది. కల్లులో, సారాలో, బ్రాందీలో, బీరులో మత్తు ఇచ్చేది ఈ ఆల్కహాలే. పేర్లు వేరు, రంగులు వేరు. లోపలి సరుకు ఒకటే.

బీరు చలవ అని కొందరంటారు. బార్లీ నీళ్లే కదా అంటారు. బార్లీ నీళ్లు వేరు, బీరు వేరు. బీరు తాగితే మాటిమాటికీ మూత్రం వస్తుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది. తెల్లారి నోరు పిడచగట్టుకుపోయేది అందుకే. ఇక చలవ ఎక్కడిది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చదువుల కేంద్రంలో సారా గురించి చదివిన పాఠం వాళ్లను కదిలించింది. పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించారు. 1997లో ఆ నిషేధం సడలింది. అప్పుడు ఊళ్లలో గొడవంతా సారా ప్యాకెట్టు గురించే. బీరు సీసా సంగతి వేరు. దాని మీద కోపం రాదు. అది పెద్దమనిషిలాగా ఇంట్లోకి వస్తుంది.

ఒక తాపీమేస్త్రి ఇంట్లో జరిగినట్టు అనుకుందాం. భార్య సాయంత్రం పూట చదువుల కేంద్రానికి పోతుంది. ఒక సోమవారం ఖాళీ సీసాలు కడుగుతోంది. సీసా మీద అంకెలు కనిపించాయి.

"ఏమయ్యా, దీని మీద 650 అని ఉంది. ఇదేంది?"

"సీసాలో అంత పడుతుంది. ఆరువందల యాభై మిల్లీలీటర్లు."

"మరి ఈ 8? పక్కన రెండు సున్నలు, మధ్యలో ఏటవాలు గీత ఉంది."

"స్ట్రాంగు బీరులే. అవన్నీ నీకెందుకే?"

"చదువొచ్చినాక చదవద్దా?"

ఆమె అడిగిన అంకె చాలా ముఖ్యమైంది. రెండు సున్నలు, మధ్యలో గీత ఉంటే అది శాతం గుర్తు. నూటికి ఎంత అని అర్థం. లైటు బీరులో ఆల్కహాలు నూటికి 5 లోపు. స్ట్రాంగు బీరులో 5కు పైన, 8 వరకు. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగే.

ఇప్పుడు లెక్క వేయండి. స్ట్రాంగు బీరులో నూటికి 7 అనుకుందాం. 600 మిల్లీలీటర్లకు 42. మిగిలిన 50కి మూడున్నర. మొత్తం నలభై అయిదున్నర మిల్లీలీటర్ల ఆల్కహాలు. బ్రాందీలో నూటికి దాదాపు 43 ఉంటుంది. 90 మిల్లీలీటర్ల బ్రాందీలో ఉండే ఆల్కహాలు సుమారు ముప్పై ఎనిమిదిన్నర. అంటే 90 బ్రాందీ కంటే ఒక్క స్ట్రాంగు బీరులోనే ఎక్కువ ఉంది!

మేస్త్రి ఆదివారం తాగేది మూడు సీసాలు. మూడింటిలో నూట ముప్పై ఆరున్నర. అంత ఆల్కహాలు రావాలంటే బ్రాందీ 320 మిల్లీలీటర్లు తాగాలి. రెండు క్వార్టర్లకు 40 తక్కువ. "రెండు క్వార్టర్లు తాగావా?" అని అడిగితే ఆ మనిషికి కోపం వస్తుంది. "నేను బీరు తప్ప ముట్టను" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. లెక్క తెలియదు, అంతే.

ఇదంతా ఎక్కడికి పోతుంది? కాలేయానికి పోతుంది. దాన్నే లివరు అంటారు. మేక కార్జం తెలుసు కదా. మనిషి ఒంట్లో అదే కాలేయం. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. సుమారు కిలోన్నర బరువుంటుంది. మనం తిన్న తిండిలోని శక్తిని దాచిపెట్టి, కావలసినప్పుడు ఇస్తుంది. కొవ్వు అరగడానికి పైత్యరసం తయారుచేస్తుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి కావలసినవి చేస్తుంది. రక్తంలోని విషాలను విరిచేస్తుంది. ఇన్ని పనులు చేసేది ఒంట్లో మరొకటి లేదు.

ఆల్కహాలు వస్తే కాలేయం మిగతా పనులు కొన్ని పక్కన పెడుతుంది. ముందు దాన్ని విరవడానికి పూనుకుంటుంది. గంటకు 10 మిల్లీలీటర్లు, అటూ ఇటూగా. అంతకంటే తొందరగా చేయలేదు. నిమ్మరసం తాగినా, మజ్జిగ తాగినా, తలమీద చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. మేస్త్రి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాడు. ఆరింటికి మూడో సీసా అయిపోయింది. కాలేయం పని ఎప్పుడు అయిపోతుంది? 13, 14 గంటలు పడుతుంది. అంటే తెల్లవారుజాము మూడు, నాలుగు దాకా. అతను నిద్రపోయాడు. కాలేయం నిద్రపోలేదు. పొద్దున ఎనిమిదింటికి అతను పరంజా ఎక్కాలి.

కొవ్వును కరిగించే పని ఆగినప్పుడు ఆ కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. దీన్ని ఫ్యాటీ లివరు అంటారు. బీరుతోపాటు నూనెలో వేయించిన మిరపకాయ బజ్జీ, చికెన్ ఫ్రై ఉంటాయి. అవీ లెక్కలోకి వస్తాయి.

మరి మిగతా ఆరు రోజులు విశ్రాంతే కదా? నిజమే, తాగని రోజుల్లో కాలేయం కొంత తేరుకుంటుంది. రోజూ తాగడం కంటే అది నయమే. కానీ ఒకేసారి ఎక్కువ పోస్తే కాలేయానికి ఆ దెబ్బ వేరు. ఒక్క కూర్చోవడంలో 60 గ్రాముల ఆల్కహాలు, ఆ పైన అయితే దాన్ని అతిగా తాగడం కిందే లెక్కగడుతుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. స్ట్రాంగు బీరు రెండు సీసాలకే ఆ గీత దాటుతుంది. మూడు సీసాలంటే 100 గ్రాముల పైమాటే. ఇంత వరకు తాగితే ఏ హానీ లేదు అనే కొలత ఏదీ లేదని 2023 జనవరిలో ఆ సంస్థే చెప్పింది.

ఇంకో సంగతి. ఆదివారం ఆదివారంగానే ఉండదు. శనివారం రాత్రి ఒకటి. పండగకు నాలుగు. క్రికెట్ మ్యాచి ఉంటే ఇంకో రెండు.

కాలేయం ఓపిక గలది. అదే చిక్కు. పన్ను నొప్పి పుడితే రాత్రంతా కూర్చోబెడుతుంది. కాలేయం లోపల నొప్పి తెలియదు. సగం పాడైనా మనిషి పనిలోకి పోతూనే ఉంటాడు. కొందరికి కుడివైపు బరువుగా ఉంటుంది. నీరసంగా ఉంటుంది. చాలామందికి అదీ ఉండదు.

మన మేస్త్రికి కూడా ఏమీ తెలియలేదు. ఊళ్లో వైద్య శిబిరం పెడితే షుగరు చూపించుకుందామని పోయాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి స్కానింగు రాశాడు. కాలేయంలో కొవ్వు ఉందని తేలింది.

"తాగుతావా?"

"లేదు సార్. ఆదివారం బీరు మాత్రమే."

"ఎన్ని?"

"మూడు. ఎప్పుడన్నా నాలుగు."

డాక్టరు కాగితం మీద మూడు రాసి చుట్టూ సున్న చుట్టాడు. "ఇప్పుడే తెలిసింది, నీ అదృష్టం. పూర్తిగా మానెయ్. రెండు నెలల తర్వాత మళ్లీ కనపడు" అన్నాడు.

ఆయన అదృష్టం అన్నది ఊరికే కాదు. కొవ్వు చేరిన దశలో తాగడం మానేస్తే చాలామందికి కొన్ని వారాల్లోనే ఆ కొవ్వు తగ్గుతుంది. కాలేయం మళ్లీ మామూలు కావచ్చు. మానకపోతే కొందరికి వాపు వస్తుంది. ఆ వాపు మానుతూ మళ్లీ వస్తూ ఉంటే లోపల మచ్చలు పడతాయి. గాయం మానిన చోట చర్మం గట్టిపడుతుంది చూడండి, అట్లా. కాలేయమంతా మచ్చలు పడి గట్టిపడితే దాన్ని సిర్రోసిస్ అంటారు. కాలేయానికి క్యాన్సర్ కూడా రావచ్చు. సిర్రోసిస్ మచ్చలు మామూలుగా పోవు. అప్పుడు కూడా మానితే ప్రాణం నిలిచే రోజులు పెరుగుతాయి గాని, పాత కాలేయం తిరిగి రాదు.

తాగిన ప్రతివాడికీ సిర్రోసిస్ రాదు. ఎనభై ఏళ్లు తాగి బతికిన తాతను అందరూ చూపిస్తారు. నలభైకే పోయినవాళ్లను ఎవరూ చూపించరు. ఎవరి కాలేయం తట్టుకుంటుందో ముందుగా చెప్పడం కష్టం. షుగరు ఉన్నవాళ్లకు, పొట్ట పెరిగినవాళ్లకు, హెపటైటిస్ బి కామెర్లు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆడవాళ్లకు అంతే బీరు మగవాళ్ల కంటే ఎక్కువ హాని చేస్తుంది. వాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ. అందుకని రక్తంలో ఆల్కహాలు చిక్కగా ఉంటుంది.

కళ్లు పచ్చబడితే, కాళ్లు వాస్తే, పొట్టలో నీరు చేరి ఉబ్బితే, రక్తం వాంతి అయితే, విరేచనం తారులాగా నల్లగా అయితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. పెద్దాసుపత్రికి పోవాలి. కామెర్లు అనగానే పసరు పోయిస్తారు, చేతిమీద వాతలు పెట్టిస్తారు. వాతతో చేతికి పుండు అవుతుంది గాని కాలేయానికి ఏమీ కాదు. కొన్ని పసర్లు ఉన్న కాలేయాన్ని ఇంకా పాడుచేస్తాయి. ఆ పదిహేను రోజులూ పోయాక ఆసుపత్రికి తెస్తే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

సోమవారం పొద్దున తలనొప్పికి పారాసిటమాల్ బిళ్లలు రెండు మూడు మింగేవాళ్లున్నారు. ఆ బిళ్లను విరిచేది కూడా కాలేయమే. రాత్రంతా పనిచేసిన దానిమీద ఇంకో మూట వేసినట్టే.

మేస్త్రి మానిన రెండో ఆదివారం బామ్మర్ది సంచితో వచ్చాడు.

"ఒక్కటి తాగితే ఏమైతది బావా?"

మేస్త్రి సంచి వైపు చూశాడు. ఏమీ అనలేదు. లోపలి నుంచి అక్క పలికింది.

"ఒక్కటంటే నలభై అయిదున్నర, తమ్ముడూ. కూర్చో, అన్నం పెడతా."

ఆదివారం మాత్రమే తాగేవాళ్లు ఒక్కసారిగా మానినా సాధారణంగా ఇబ్బంది రాదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ల సంగతి వేరు. ఉన్నట్టుండి మానితే చేతులు వణుకుతాయి. నిద్ర పట్టదు. కొందరికి ఫిట్సు వస్తాయి, లేనివి కనపడతాయి. అది ప్రాణం మీదికి రావచ్చు. అట్లాంటివాళ్లు డాక్టరును కలిసి మందులతో మానాలి. మానాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు 14446 నంబరుకు ఫోను చేయొచ్చు. డబ్బులు పడవు.

లెక్క చేయండి:

లైటు బీరులో నూటికి 5 ఆల్కహాలు ఉంది. 650 మిల్లీలీటర్ల సీసాలో ఎంత ఉంటుంది? రెండు సీసాలు తాగితే కాలేయానికి ఎన్ని గంటల పని?

వారానికి మూడు సీసాలు. ఏడాదికి 52 వారాలు. మొత్తం ఎన్ని సీసాలు? మీ ఊళ్లో సీసా ధర అడిగి రాసుకోండి. ఏడాదికి ఎంత డబ్బు? ఆ లెక్క ఇంట్లో అందరికీ పైకి చదివి వినిపించండి.