60 ఫోటోలు, ఒకటే కత్తిరింపు

ఇ-లెర్నింగ్ డెవలపర్‌గా కొత్తగా చేరినవాళ్ల చేతికి తరచూ ముందుగా వచ్చేది బొమ్మల పనే. ఫ్యాక్టరీ భద్రత మీద ఒక కోర్సు అనుకోండి. హెల్మెట్లు, వాల్వులు, హెచ్చరిక బోర్డులు కలిపి 60 ఫోటోలు. ఒక్కోదాన్ని తెరిచి, కత్తిరించి, సైజు తగ్గించి, చుట్టూ అంచు గీసి సేవ్ చేయడానికి 4 నిమిషాలు వేసుకున్నా 4 గంటలు. ఆ పూట ఎలాగోలా గడిచిపోతుంది. వారం తర్వాత "అంచు నీలం వద్దు, బూడిద రంగు పెట్టండి" అని క్లయింటు నుంచి మెయిల్ వచ్చాక తెలుస్తుంది అసలు కష్టం.

కాబట్టి అంచును ఫోటోలో గీయకండి. పవర్‌పాయింట్ స్లైడ్ మాస్టర్‌ వ్యూలో లేఅవుట్‌ మీద పిక్చర్ ప్లేస్‌హోల్డర్ పెట్టి, అంచును దానికి ఇవ్వండి. అందులో వేసిన ఫోటో ఆ చోటుకు సరిపడా తనంతట తానే కత్తిరించుకుంటుంది. రంగు మారాలంటే ఆ లేఅవుట్‌లో ఒక్కచోట మారిస్తే సరి. ఫోటోనే మార్చమంటే పాతదాన్ని తీసేసి మళ్లీ పేర్చక్కర్లేదు. రైట్ క్లిక్ చేసి 'చేంజ్ పిక్చర్' నొక్కితే కొత్తది పాతదాని చోటులోనే కూర్చుంటుంది. చివరిగా చేసిన పనినే ఇంకోచోట మళ్లీ చేయాలంటే ఎఫ్4 మీట ఉంది.

ఇక సైజు సంగతి. 1280×720 స్లైడ్‌లో ఎడమ సగం ఫోటోకి అయితే దాని చోటు 640×720. పెద్ద తెర మీద మసకబారకుండా దానికి రెట్టింపు, అంటే 1280×1440 ఉంచుకుంటే చాలు. ఈ లెక్క తేలాక మిగిలింది యంత్రం పని. ఫోటోషాప్‌లో ఒక ఫోటో మీద చేసిన పనిని 'యాక్షన్'గా రికార్డు చేసి, 'బ్యాచ్'తో ఫోల్డరు మొత్తానికీ నడిపించవచ్చు. ఫోటోషాప్ లేకపోతే ఇర్ఫాన్‌వ్యూ ఉంది. ఇంట్లో నేర్చుకోవడానికి ఉచితమే కానీ, ఆఫీసు పనికి లైసెన్సు కొనాలి. కమాండ్లంటే భయం లేనివాళ్లకు ఇమేజ్‌మ్యాజిక్ ఇంకా వేగం. ఒక్క జాగ్రత్త: అందులోని 'మోగ్రిఫై'కి వేరే ఫోల్డరు చూపించకపోతే అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది. ముందు కాపీ తీసి పెట్టుకోండి.

పేర్లు కూడా మొదటే కుదరాలి. రెండో మాడ్యూల్ ఐదో స్లైడ్ ఫోటోకి 02, 05 అంకెలతో పేరు పెడితే వరుస చెదరదు. సున్నా వదిలేస్తే చాలా ప్రోగ్రాముల్లో 2 కంటే 10 ముందొస్తుంది. 'ఫైనల్ న్యూ 2' లాంటి పేర్లు చూస్తే రివ్యూ చేసేవాళ్లకు ఒళ్లు మండుతుంది.

అలాగని అన్నీ బ్యాచ్‌కి వదిలేయకూడదు. మధ్యభాగం ఉంచి కత్తిరించమంటే మూలనున్న వాల్వు పిడి ఎగిరిపోతుంది, పక్కకి నిలబడ్డ మనిషి తల సగమే మిగులుతుంది. చూపులేనివారి కోసం రాసే ఆల్ట్ టెక్స్ట్ కూడా అంతే. పవర్‌పాయింట్ తయారుచేసి ఇచ్చే వర్ణనను దిద్దకుండా వదలకండి. ఫోటోలో వాల్వు ఉందని చెప్తే చాలదు, అది తెరిచుందో మూసుందో చెప్పాలి.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు పోర్ట్‌ఫోలియోలో తయారైన స్లైడ్లతోపాటు అసలు ఫోల్డరు, తయారైన ఫోల్డరు, మీ యాక్షన్ ఫైలు కూడా పెట్టండి. బ్యాచ్‌కి ఇవ్వకుండా చేత్తో కత్తిరించిన ఫోటోలు ఏవో, ఎందుకో పక్కన రెండు ముక్కలు రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడినుంచే మొదలయ్యే అవకాశం ఎక్కువ.