శిలామూర్తి – శరణధర్మము

తిరుమల ఆలయమున మహాద్వారము దాటగానే కుడివైపున శ్రీకృష్ణదేవరాయలు, దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి లోహమూర్తులై దర్శనమిత్తురు. 1513 మొదలు 1521 వరకు రాయలు ఏడు పర్యాయములు ఈ కొండకు వచ్చెను. ఈ ప్రతిమలు 1517లో నెలకొల్పబడినవి. భుజములపై వారి పేర్లు చెక్కబడియున్నవి.

దక్షిణాపథమునేలిన ఆ సార్వభౌముడు ఇచట సింహాసనముపై కూర్చుండలేదు. చేత ఖడ్గము ధరింపలేదు. పొడవైన కుళ్లాయితో, రెండు చేతులు జోడించి నిలిచియున్నాడు. ఆ ప్రతిమ పూజలందుకొనుటకు పెట్టినది కాదు. భక్తుడెట్లు నిలువవలెనో చూచువారికి నేర్పుటకు తగినది. మతమేదైనను ఈ పాఠము అందరిది.

కొండ దిగువన కపిలతీర్థమున, కపిలేశ్వరుని వాకిట పెద్ద నందివిగ్రహము కలదు. వృషభ శబ్దమే బసవ శబ్దమైనది. బసవేశ్వరుడు నంది అంశమున జన్మించెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. శివాలయములందు నంది చూపు తన్ను చూచువారిపై నుండదు, లింగముపైననే యుండును. చేతులు జోడించిన రాయలును, లింగమును చూచు నందియు బోధించునది ఒక్కటే: ప్రతిమ తనను గాక, తాను నమ్మినదానిని చూపవలెను.

ఇట నొక సందేహము కలుగును. వీరశైవునకు ఇష్టలింగమే దైవము. స్థావరము నశించును, జంగమము నిలుచునని బసవేశ్వరుని బోధ. అట్టి మహనీయునకు శిలామూర్తి యేల? 2003లో ఢిల్లీలో పార్లమెంటు ప్రాంగణమునను, 2015లో లండను నగరమున థేమ్సు నది యొడ్డునను ఆయన విగ్రహములు ఆవిష్కరింపబడినవి. ఇది తప్పా?

తప్పు గాదు. అయితే ఆ మూర్తి పూజకు గాదు, జ్ఞాపకమునకు. తండ్రి చేయి పట్టుకొని నడచు పిల్లవాడు విగ్రహము నెదుట నిలిచి "ఈయన ఎవరు నాన్నా?" అని యడుగును. ఆ ప్రశ్న పుట్టించుటయే శిల్పము చేయగల మేలు. ఉత్తరము చెప్పవలసినవాడు తండ్రి. కల్యాణమున మాచయ్య బట్టలుతికెను, చౌడయ్య పడవ నడపెను, హరళయ్య చెప్పులు కుట్టెను. వారందరు అనుభవమంటపమున సమానులై కూర్చుండిరని ఆతడు చెప్పవలెను. హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసుని కుమార్తెకు జరిగిన వివాహము కారణముగా ఆ యిరువురు తండ్రులు బిజ్జలుని ఆజ్ఞచే ప్రాణములర్పించిరని శరణచరిత్రములు తెలుపుచున్నవి. ఆ కథ చెప్పి, తన యింట పెండ్లి మాట వచ్చినపుడు ఉపశాఖ నడుగు తండ్రికి, పిల్లవాని రెండవ ప్రశ్నకు ఉత్తరముండదు.

బసవజయంతినాడు పూలమాల వేసి, మరునాటినుండి ధూళికి విడిచిన మూర్తి వట్టి రాయి. దాసోహపు పంక్తిలో భేదము పాటించని గ్రామమున విగ్రహము లేకున్నను బసవడున్నాడు. తెలుగువారి యింట బసవని నిలిపినది శిల్పము గాదు, సోమనాథుని ద్విపద. ఆ గ్రంథము చదువబడని యింటివారు విగ్రహమునకు చందా యిచ్చిన చాలదు.

పీఠముపై దాతల పేర్లు వ్రాయించుకొనుట దోషము గాదు. రాయల పేరును భుజముపై నున్నది. కాని ఆ భుజము క్రింది చేతులు జోడింపబడియున్నవి. ఆ చేతులను మరువక పేరు వ్రాయించుకొనవలెను.

శరణు శరణార్థి.